బస్తా అడుగున

పదకొండేళ్లుగా స్తంభాలెక్కుతున్నాను.
పలాసలో ఏ వీధిలో ఏ తీగ ఎక్కడ అతుకుందో
చీకట్లో చెయ్యి పెట్టి చెప్పగలను.
తిత్లీ గాలికి ఊరంతా మూగపోయిన వారం
నిద్ర మాని మళ్లీ మాట తెప్పించినవాళ్లలో నేనొకణ్ణి.
ఇప్పుడు కంపెనీ అంటోంది:
సూపర్‌వైజర్ కావాలంటే సర్టిఫికెట్ ఉండాలి,
నెట్‌వర్కింగ్‌లో, కంప్యూటర్ ముందు కూర్చుని రాసి నెగ్గినది.

దమయంతి చీటీ పాడింది.
నలభై వేలు, పాట పోను ముప్పై మూడు.
"నానూ వత్తాను, నువ్వు మెత్తనోడివి" అంది.
ప్యాసింజరెక్కి ఆమదాలవలస, అక్కణ్ణించి బస్సు,
ఏడురోడ్ల జంక్షన్లో దిగేసరికి పది.
ఎటు తిరిగినా ఒక బోర్డు,
ప్రతి బోర్డు మీదా నూటికి నూరు.

మొదటిదానికి అద్దాల తలుపు, లోపల ఏసీ.
చెమటారిన సుఖానికే మనసులో సగం సంతకం పెట్టేశాను.
టై కట్టుకున్న కుర్రాడు నన్ను సార్ అన్నాడు,
గోడ నిండా నెగ్గినవాళ్ల ఫొటోలు చూపించాడు.
"తప్పినోల్ల పొటోలు ఏ గోడకున్నాయి బాబూ?"
కుర్రాడు నవ్వాడు. తను నవ్వలేదు.
అప్పుడు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు:
ప్రశ్నలు ముందే ఇచ్చేస్తారట. మూడొందలు.
ఏ, బి, సి, డి బట్టీ కొడితే చాలు,
రూటర్ ముట్టుకోనక్కర్లేదు.

అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది.
ముప్పై ఆరేళ్ల బుర్ర, పగలంతా ఎండ.
మూడొందలేగా.

వాయిదాల కాగితానికి భార్య వేలిముద్ర కావాలన్నారు.
ఎర్ర దీపం.
తుడిచి పెట్టమన్నారు. ఎర్ర దీపం.
కుడి వేలు, ఎడమ వేలు, చీర చెంగుకి రుద్ది రుద్ది.
పన్నెండేళ్ల జీడిసొన తినేసిన గీతలు.
మిషనుకి దమయంతి ఎవరో తెలియలేదు.
"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా సార్, వేళ్లు బాగున్నవాళ్లు?"
మర్యాదగానే అడిగాడు.

మెట్లు దిగుతూ తను అంది:
"మాకాడ సేటు బస్తా మూతి విప్పి గుండు పప్పు సూపిత్తాడు.
కొన్నోడు అడుక్కి చెయ్యెట్టాల.
బద్దా ముక్కా అక్కడుంటాది.
ఈడు మూతైనా విప్పనేదు,
బస్తా బొమ్మ సూపించేడు."

రెండోదాని గురించి చెప్పడానికేం లేదు. తాళం వేసుంది.
బోర్డు మాత్రం వెలుగుతోంది, పట్టపగలు.

మధ్యాహ్నం, బియ్యం కొట్టు పైన రేకుల గది.
ఢిల్లేశ్వరరావు మాస్టారు స్టూలెక్కి ఫ్యాను విప్పుతున్నారు.
దమయంతి అదే ప్రశ్న వేసింది.
ఆయన దిగి, చేతులు తుడుచుకుని, నోటుబుక్కు తీశారు.
కిందటి బ్యాచీలో పదకొండుమంది. నెగ్గింది ఆరుగురు.
ఇద్దరు మళ్లీ రాస్తారు. ఒకడు గల్ఫుకెళ్లిపోయాడు.
మిగిలిన రెండు పేర్లకీ ఎదురుగా, ఆయన రాతలోనే:
నాకు చెప్పడం చేతకాలేదు.

పరీక్ష ఫీజు నా చేతికివ్వకండి, నేరుగా కట్టుకోండన్నారు.
ప్రమోషన్ వస్తుందా అంటే, తెలీదన్నారు.
బల్ల మీద నాలుగు పాత రూటర్లు, ఒకదానికి మూత లేదు.
నన్ను వరండాలోకి పంపి, ఏదో చేసి, పిలిచారు:
"నెట్టు పోయింది. వెతుకు."

తీగలన్నీ తడిమాను. తీగల్లో ఏం లేదు.
అరగంట. చొక్కా తడిసింది.
పదకొండేళ్లలో మొదటిసారి తప్పు నా వేలికి తగల్లేదు.
ఒక అంకెలో ఉందట అది. చిరునామాలో, చివరి అంకె.
"దీనికి ఆరు నెలలు పడుతుంది" అన్నారు,
"మూడంటే నమ్మకండి."

సిగ్గుతో దమయంతి వైపు చూశాను.
మూతలేని రూటర్లోకి వేలు పోనిచ్చి
అడుగు తడుముతోంది.

రశీదు చేత్తో రాశారు.
సాక్షి అన్నచోట తన పేరు తనే రాసింది,
నాలుగక్షరాలూ కూడబలుక్కుని.

తిరుగు రైల్లో పుస్తకం తెరిచాను.
రెండో పేజీకే కునుకు.
మోచేత్తో పొడిచింది: "సదువు.
ఆరుగుర్లో ఉంటావో, ఆ ఇద్దర్లో ఉంటావో
నాకూ తెల్దు."
నౌపడ ఉప్పుమళ్ల మీద పొద్దు వాలుతోంది.
టికెట్టు అడ్డం పెట్టి
మళ్లీ మొదటి పేజీకొచ్చాను.